ఒక పేరుకు ఒకే ప్రతి

మా తమ్మిలేరు విశ్వవిద్యాలయానికి పిచ్చి పట్టిందని బయటివాళ్ళు చెప్పుకుంటూంటారు. అది శుద్ధ అబద్ధం. మా దగ్గర పిచ్చి పట్టాలన్నా పాలకమండలి తీర్మానం ఉండాలి. జరిగిందంతా తీర్మానాల ప్రకారమే జరిగింది. లైబ్రేరియన్‌గా వాటిని అమలు జరిపినవాణ్ణి నేనే కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

విశ్వవిద్యాలయాలకు మార్కులు వేసే బృందం ఒకటి ఢిల్లీ నుంచి దిగింది. మాకు తక్కువ వేసి, పక్క జిల్లాలోని బుడమేరు విశ్వవిద్యాలయానికి ఎక్కువ వేసిపోయింది. ఎందుకని ఆరా తీస్తే, వాళ్ళ లైబ్రరీలో గాజు బీరువా నిండా తాళపత్రాలున్నాయట. వాటిలో ఏముందో అక్కడ ఎవరికీ తెలియదు. గాజు మాత్రం శుభ్రంగా తుడిచి ఉంచారట. ఆ వార్త విన్న రోజు మా ఉపకులపతి గారు భోజనం మానేశారని ఆయన డ్రైవరు చెప్పాడు.

ఆ ఏడే ఆయన ఏదో సదస్సు పేరు మీద లండన్ వెళ్ళారు. అక్కడి లైబ్రరీ ఒకదానిలో విక్టోరియా రాణి కాలపు నవలాకారుడు ఒకాయన ప్రథమ ముద్రణలు చూపించారట. ముట్టుకోబోతే తెల్ల గ్లోవ్స్ ఇచ్చారట. పుస్తకాల మాట ఎలా ఉన్నా, ఆ గ్లోవ్స్ ఆయన మనసు దోచుకున్నాయి. తిరిగి వస్తూ ఆరు జతలు కొనుక్కొచ్చారు. అలా మాకు ముందు గ్లోవ్స్ వచ్చాయి. వాటితో ముట్టుకోవడానికి పుస్తకాలు వెతికే పని నా నెత్తిన పడింది.

పేరున్న నవలాకారుల ప్రథమ ముద్రణలు ఎంతకు వస్తాయో కనుక్కున్నాను. మా పరిపాలనా భవనాన్ని అమ్మినా అట్ట ముక్క కూడా వచ్చేట్టు లేదు. ఆఖరికి ఒక పాత పుస్తకాల వర్తకుడు హొరేషియో క్రింబుల్ అనే ఆ కాలపు నవలాకారుణ్ణి మాకు అంటగట్టాడు. ఆయన పదకొండు నవలలు రాశాడు. అన్నీ ప్రథమ ముద్రణలే దొరుకుతాయి, ఎందుకంటే రెండో ముద్రణ అవసరం ఎవరికీ కలగలేదు. మిగిలిన ప్రతులు ఆ దేశంలో పొట్లాలు కట్టడానికి చేపల దుకాణాలకు పోయాయట. కంప్యూటర్లో ఆయన పేరు కొడితే ఒక రకం బిస్కట్ వస్తుంది. అంతకన్నా అరుదైన రచయిత భూమి మీద ఉండడని ఉపకులపతి గారు సంతోషించారు. 

పుస్తకాలు ఇంకా ఓడలో ఉండగానే క్రింబుల్ మీద పరిశోధన మొదలవ్వాలని ఆయన ఆదేశం. ఇంగ్లీషు శాఖలో పరిశోధనకు అప్పుడే చేరిన కొల్లాబత్తుల ప్రశాంతి అనే అమ్మాయికి 'క్రింబుల్ నవలల్లో ముగింపులు' అనే అంశం కేటాయించారు. ఆ అమ్మాయి అడగలేదు, వాళ్ళే ఇచ్చారు. పేరుకే ప్రశాంతి గాని, తిన్నగా ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా ఎదురుగా నిలబడే రకం. మా ఆఫీసులో ఆ అలవాటు ఎవరికీ లేదు.

పుస్తకాలు వచ్చాయి. నేను పెట్టెలు విప్పి బల్ల మీద పేర్చాను. ముదురు ఆకుపచ్చ అట్టలు, బంగారు అక్షరాలు. అప్పుడే ఆడిట్ అధికారి గంటి నాగభూషణం గారు వచ్చి నిలబడ్డారు. మనిషి చెడ్డవాడు కాదు. ఏ వస్తువును చూసినా ముందు దాన్ని లెక్కపెడతారు, అంతే.

"ఇదేంటండీ వీరభద్రం గారూ, ఒక్కో పుస్తకం మూడేసి తెప్పించారు?" అన్నారు.

"మూడు పుస్తకాలు కాదండి. ఒకే నవల, మూడు సంపుటాలు. ఆ రోజుల్లో నవలలు అలాగే వేసేవారు. అద్దెకిచ్చే లైబ్రరీలు ఒక్కో సంపుటానికి విడిగా అద్దె తీసుకునేవి."

"అంటే ఒక పుస్తకానికి మూడు అద్దెలు గుంజేవారన్నమాట."

"ఒకరకంగా అంతేనండి."

"అప్పటి మోసాన్ని ఇప్పుడు బిల్లు పెట్టి మరీ కొన్నారు మీరు. ఏదీ, దీంట్లో మొదటి పేజీ ఉందా?"

"ఉందండి."

"ఈ రెండోదాంట్లో?"

"అందులోనూ ఉందండి. ప్రతి సంపుటానికీ పేజీలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి."

"మూడోదాంట్లో కూడా ఉంది, నేనే చూశాను. అట్ట ఒకటే, పేరు ఒకటే, రాసినాయన ఒకడే, మొదటి పేజీ మూడింట్లోనూ ఉంది. ఇవి ప్రతులు కాక మరేంటండీ?"

"లోపల విషయం వేరండీ."

"లోపలి విషయం ఆడిట్ పరిధిలోకి రాదండి," అన్నారాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి. వెనకటికి ఒక ఉపకులపతి గారి బావమరిది కవిత్వం రాశాడు. ఆ పుస్తకం మా లైబ్రరీకి నాలుగు వందల ప్రతులు కొన్నారు. అవి ఇప్పటికీ ఉన్నాయి, వర్షం కురిసినప్పుడు కిటికీలకు అడ్డం పెడతాం. ఆ గొడవ అసెంబ్లీ దాకా వెళ్ళి, 'ఒక పేరుకు ఒకే ప్రతి' అనే నిబంధన పుట్టింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయి. కుక్కల సంగతి తెలిసిందే కదా, మొదలుపెడితే ఒక పట్టాన ఆపవు.

ఫైలు రిజిస్ట్రారు ఆచార్య చిట్టినీడి పరంధామయ్య గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు భౌతికశాస్త్రం చదివారు గాని, చాలాకాలంగా ఉత్తర్వులు తప్ప ఇంకేమీ చదవలేదు. ఇంట్లో కాఫీ అడిగినా 'పైన ఉదహరించిన విషయమై' అని మొదలుపెడతారని చెప్పుకుంటారు. ఆయన ఉత్తర్వు ఇలా వచ్చింది: "నిబంధన దృష్ట్యా, ప్రతి శీర్షికకు ఒక ప్రతిని మాత్రమే నిలుపుకొనవలెను. అదనపు ప్రతులలో ఒకదానిని సాక్ష్యము నిమిత్తము ఆడిట్ కార్యాలయము వారి స్వాధీనములో ఉంచవలెను. వేరొకదానిని బహిరంగ వేలము ద్వారా పరిష్కరించవలెను."

అలా ఒకటో సంపుటాలు మా గాజు బీరువాలోకి, రెండో సంపుటాలు నాగభూషణం గారి ఇనప బీరువాలోకి వెళ్ళాయి. మూడో సంపుటాల వేలానికి ఇద్దరే వచ్చారు. మా గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు వేసే ఆయన ఒక కాగితం వేళ్ళతో నలిపి చూసి, ఇది నూనె పీల్చదని వెళ్ళిపోయాడు. రెండోవారు బుడమేరు విశ్వవిద్యాలయం. మాకు క్రింబుల్ వచ్చాడని విన్న దగ్గర్నుంచీ వాళ్ళ ఉపకులపతి గారు భోజనం మానేశారట. పాట వాళ్ళకే కొట్టేశారు.

ఇంగ్లీషు శాఖవారు గొడవ చేస్తారని నేను భయపడ్డాను, కాస్త ఆశ కూడా పడ్డాను. క్రింబుల్ అధ్యయన కేంద్రం ఒకటి పెట్టి, దానికొక డైరెక్టరు కుర్చీ వేసేసరికి వాళ్ళకు అంతా సబబుగానే తోచింది. పండితుడు కుర్చీలో కూర్చుంటే సిద్ధాంతం దానంతటదే పుడుతుంది. మా దగ్గరున్న పదకొండు నవలలూ సగంలో తెగిపోతున్నాయి కాబట్టి, సగంలో తెంపడమే క్రింబుల్ గొప్పతనం అని తేల్చారు. జీవితానికి ముగింపు లేదని ఆ మహానుభావుడు అంత పూర్వమే గ్రహించాడట. దీనికి 'తెగిన దారపు సిద్ధాంతం' అని పేరు పెట్టి రెండు సదస్సులు జరిపారు. ఎం.ఏ. పరీక్షలో ఒక నవల కథానాయిక గురించి 'అగాథ బండి కోసం నిలబడి ఉండగా నవల ముగియడంలోని ఔచిత్యాన్ని వివరింపుము' అని ప్రశ్న ఇచ్చారు. ఒక కుర్రాడు 'ఆ తర్వాత ఏమైందో తెలియలేదు' అని ఒక్క వాక్యం రాసి వచ్చేశాడు. వాడికే ఎక్కువ మార్కులు పడ్డాయి.

బుడమేరులో వేరే సిద్ధాంతం తయారైంది. క్రింబుల్ తన పాత్రల్ని ఎక్కడా పరిచయం చెయ్యడు, మొదటి పేజీలోనే అందరూ అందరికీ తెలిసినట్టు ఏడుస్తూ ఉంటారు, ఇది ప్రపంచ నవలలో తొలి ప్రయోగం అని వాళ్ళన్నారు. పత్రికల్లో వాళ్ళూ మావాళ్ళూ చెడ తిట్టుకున్నారు. క్రింబుల్ బతికుండగా ఆయన్ని ఇంతమంది పట్టించుకుని ఉండరు.

ఈ కోలాహలంలో నిజంగా చిక్కుకుపోయింది ప్రశాంతి ఒక్కతే. ఆ అమ్మాయి ఆ పదకొండు సంపుటాలూ చదివింది. మా గాజు బీరువా తెరిపించి, ఉపకులపతి గారి గ్లోవ్స్ తొడుక్కుని, ఉక్కపోతకు చేతులు చెమటలు కారుతున్నా చివరి పేజీ దాకా చదివింది. ఆ పని ఇంకెవరూ చెయ్యలేదు. ఏలూరులోని ఒక మహిళా కళాశాలలో ఆమెకు లెక్చరరు ఉద్యోగం ఖాయమైంది. జూన్ నెలాఖరు లోపు డాక్టరేట్ పట్టా చూపిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే తర్వాతి పేరుకు పోతుంది. ఇద్దరు తమ్ముళ్ళ చదువూ ఆ పట్టా మీదే ఆధారపడి ఉంది. పట్టా ఏమో ముగింపుల మీద, ముగింపులేమో బుడమేరులో.

రిజిస్ట్రారు గారి దగ్గరికి ఆమెను నేనే తీసుకువెళ్ళాను.

"సార్, నా టాపిక్ ముగింపులండి. మన దగ్గర ముగింపులు లేవు," అంది.

"చివరి పేజీ ఉన్నదా, లేదా?"

"సంపుటానికి ఉంది సార్. నవలకి లేదు."

"చివరి పేజీ ఉన్న చోట ముగింపు ఉన్నట్లుగానే పరిగణింపబడును."

"పోనీ టాపిక్ మార్చుకోనివ్వండి సార్."

"నమోదైన అంశమును మార్చుటకు వీలు లేదు."

"అయితే బుడమేరు వెళ్ళి మూడో సంపుటాలు చదివొస్తాను."

"మన సేకరణ సద్వినియోగమగుచున్నదని నిరూపించుటకై, మన లైబ్రరీలో ఉన్న ప్రతులను మాత్రమే ఉదహరించవలెనని తీర్మానమున్నది. పైగా బుడమేరు వారి వద్ద ఉన్నవి మనము తిరస్కరించిన అదనపు ప్రతులు. మనము వద్దన్నదానిని మనమే అడుగుట విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు భంగకరము."

నేను కల్పించుకుని, వాళ్ళకు ఒక ఉత్తరం రాస్తే తప్పేముందన్నాను. నా సొంత పూచీ మీద రాశాను కూడా. జవాబు వారంలో వచ్చింది. 'పూర్తి నవలలు మా వద్దనే ఉన్నవి. మీ వద్ద ఉన్నవి పీఠికలని మా ఆచార్యుల అభిప్రాయము. వాటిని మాకు అప్పగించినచో తగు స్థానమున చేర్చగలము' అని రాశారు. ఆ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. ప్రశాంతి మాత్రం నవ్వింది. ఆ అమ్మాయి నవ్వితే నాకు ఇంకా బాధేసింది.

మిగిలింది ఆడిట్ కార్యాలయం. ఇద్దరం వెళ్ళేసరికి నాగభూషణం గారు ఏదో చటుక్కున ఫైలు కింద దూర్చారు. దాని అంచు ఆకుపచ్చగా కనబడుతోంది. మధ్యలోంచి గుర్తుకు పెట్టుకున్న బస్సు టికెట్ ఒకటి బయటికి తొంగి చూస్తోంది.

"విచారణలో ఉన్న వస్తువుల్ని బయటివాళ్ళకు చూపించకూడదండి," అన్నారు, మేం అడగకముందే.

"మీరు చదివారా సార్?" అంది ప్రశాంతి.

"చదవలేదమ్మా. పరిశీలించాను." కాసేపు బల్ల మీద లేని దుమ్ము దులిపారు. "ఊరికే అడుగుతున్నాను గానీ, ఆ అగాథ అనే పిల్ల ఉంది చూడు. ఆ పిల్ల చంకలో ఒక రేకుపెట్టె ఉంటుంది. అది ఎక్కడిదమ్మా? అందులో ఏముంది?"

"అది ఒకటో సంపుటంలో ఉందండి. మా లైబ్రరీలోదే, విచారణలో లేదు. వచ్చి చదువుకోండి సార్."

"ఎలా వస్తానమ్మా. నేను ఆడిట్ చేసే సంస్థలో నేను సభ్యుణ్ణి కాకూడదు. రూలు."

"అయితే నేను చెప్తానండి. ఆ అగాథ తర్వాత ఏమైందో మీరు నాకు చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. ఎదురుగా గోడ మీదున్న నిబంధనల బోర్డు కనబడింది కాబోలు, మళ్ళీ మూసుకున్నారు. "సాక్ష్యాన్ని నోటితో బయటపెట్టినా బయటపెట్టినట్టేనమ్మా," అని తల దించుకున్నారు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి బీరువా తాళం తీసిన చప్పుడు వినబడింది.

ఇక గడువు దగ్గరపడింది. రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవడమెందుకని, ప్రశాంతి ఒకటో సంపుటాల చివరి పేజీలనే పట్టుకుని సిద్ధాంతగ్రంథం రాసేసింది. మెరూన్ రంగు రెగ్జిన్ అట్ట, బంగారు అక్షరాలు వేయించి సమర్పించింది. మౌఖిక పరీక్షకు బయటినుంచి క్రింబుల్ నిపుణుడు రావాలి. ప్రపంచం మొత్తం మీద క్రింబుల్ నిపుణులు రెండు చోట్లే ఉన్నారు. ఒకటి మా ఊరు, అది పనికిరాదు. అలా బుడమేరు నుంచి ఆచార్య అయ్యగారి కామేశం గారు వచ్చారు.

మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చు. పకోడీలు పెడతారని మామూలుగా పదిమంది వస్తారు. ఆ రోజు వెనక వరసలో, స్తంభం చాటున, నా పక్కనే నాగభూషణం గారు కూడా కూర్చుని ఉన్నారు. లైబ్రరీలో సభ్యత్వం లేకుండా ఆయన ఒకటో సంపుటం గురించి వినగలిగే చోటు అదొక్కటే. రిజిస్ట్రారు గారు అధ్యక్షత వహించారు.

కామేశం గారు గొంతు సవరించుకున్నారు. "మీ గ్రంథమంతా చదివానమ్మా. 'బ్రాంబ్లీ హాల్ వారసురాలు' మీద నలభై పేజీలు రాశారు. అందులో లేడీ మెల్‌ఫోర్డ్ ప్రస్తావనే లేదేమిటి?"

"ఆవిడెవరు సార్?"

సభ కదిలింది. కామేశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "కథానాయికమ్మా."

"కథానాయిక అగాథ సార్. బ్రాంబ్లీ హాల్లో పిల్లలకు చదువు చెప్తుంది. దిక్కులేని పిల్ల. ముసలి యజమాని పోయాక వీలునామా కనబడకపోతే ఆమెనే దొంగంటారు. తెల్లవారుతూండగా రేకుపెట్టె పట్టుకుని బండి ఎక్కడానికి వచ్చి నిలబడుతుంది. వెనకనుంచి ఎవరో 'అగాథా, ఆగు' అని పిలుస్తారు. అక్కడితో అయిపోయింది సార్."

"అగాథ," అన్నారు కామేశం గారు, ఏదో గుర్తు చేసుకుంటూ. "ఆ పేరు చివరి అధ్యాయంలో ఉంది. ఒక సమాధి మీద. లేడీ మెల్‌ఫోర్డ్ వెళ్ళి దాని మీద పూలు పెట్టి ఏడుస్తుంది. అపరిచితురాలి కోసం కన్నీరు పెట్టే ఆ మానవత మీద నేను వ్యాసం రాశాను. దానికి బంగారు పతకం కూడా వచ్చింది."

"అగాథ చచ్చిపోయిందా సార్?" అంది ప్రశాంతి. ఆ మాట పరీక్షకు వచ్చిన అభ్యర్థి అన్నట్టు లేదు. సొంత చెల్లెల్ని గురించి అడిగినట్టుంది.

"లేదమ్మా," అని వెనకనుంచి ఒక గొంతు వినబడింది. అందరూ తలలు తిప్పారు. నాగభూషణం గారు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఆ సమాధి ఖాళీదండి. లోపల ఎవరూ లేరు."

"తమరు ఏ హోదాలో మాట్లాడుచున్నారు?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"రెండో సంపుటం హోదాలోనండి," అన్నారాయన. ఇక ఆగలేదు. "ఆ వెనకనుంచి పిలిచింది ప్లీడరండి, గ్రిమ్స్‌బీ అని. వీలునామా ఆ రేకుపెట్టెలో ఉందని వాడి అనుమానం. వాడు తరుముకొస్తాడు, ఈ పిల్ల పడవెక్కుతుంది. పడవ బోల్తా కొడుతుంది. పిల్ల పోయిందనుకుని ఊరివాళ్ళు ఉత్త సమాధి కడతారు. అసలు పిల్ల ఒడ్డుకి కొట్టుకొచ్చి, మెల్‌ఫోర్డ్ అని ఒక జమీందారు చేరదీస్తే, ఆయన్ని పెళ్ళి చేసుకుంటుంది. ఈలోగా ఆస్తి మీద దావా. దావా అంతా ఆ పెట్టె మీదే. పెట్టె ఎవరి దగ్గరుంది, పెట్టె ఏమైంది అని తొమ్మిది అధ్యాయాలండీ. చివర్లో జడ్జీగారు తీర్పు చెప్పబోతుంటే, కోర్టు వెనక మేలిముసుగులో ఒక ఆవిడ లేచి నిలబడుతుంది, చేతిలో పెట్టె. అంతే. ఆ తర్వాత అట్ట. రెండేళ్ళనుంచీ ఆ ఆవిడ అక్కడే నిలబడి ఉందండి. నాకు అన్నం సహించడం లేదు."

"ఈ ప్రసంగము నియమావళికి విరుద్ధము," అన్నారు రిజిస్ట్రారు గారు. "వెంటనే నిలుపవలసి ఉన్నది." ఒక్క క్షణం ఆగారు. "అయితే ఆ ముసుగు ఆవిడ ఏమి చేసినదో తేలిన పిమ్మట నిలుపవచ్చును."

కామేశం గారి పరిస్థితి చూస్తే జాలేసింది. పతకం తెచ్చిన వ్యాసం ఒకవైపు, ఇప్పుడు అర్థమవుతున్న కథ ఒకవైపు. "అయితే ఆవిడ ఏడ్చింది తన సమాధి మీద తానేనన్నమాట," అని మెల్లగా అన్నారు. ఆ తర్వాత వ్యాసం సంగతి మరిచిపోయి కథలో పడ్డారు. ముసుగు ఆవిడ లేడీ మెల్‌ఫోర్డేనట, పెట్టెను తీసుకొచ్చి జడ్జీగారి ముందు పెట్టిందట. తెరవమని అనలేదట, ఊరికే ప్లీడరు వంక చూసిందట. వీలునామా అందులో ఉందనుకుని వాడు హడలిపోయి, అసలు వీలునామాను తానే దాచానని కోర్టులో ఒప్పేసుకున్నాడట. ఆస్తంతా ఆమెకొచ్చింది. ఆఖరి పేజీలో ఆమె సముద్రం ఒడ్డుకు వెళ్ళి, ఆ పెట్టెను తెరవకుండానే నీళ్ళలోకి విసిరేసిందట.

"తెరవకుండానేనా?" అన్నారు రిజిస్ట్రారు గారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి.

"తెరవకుండానే. మా బుడమేరులో ఆ పెట్టె మీద నాలుగు సిద్ధాంతాలున్నాయి." కామేశం గారు పరీక్షకుడి కుర్చీలోంచి ముందుకు వంగి, అభ్యర్థిని బతిమాలుతున్నట్టు అడిగారు. "మీకు తెలుసా అమ్మా, అందులో ఏముందో?"

పకోడీలు పట్టుకొచ్చిన మనిషి కూడా పళ్ళెంతో అలాగే నిలబడిపోయాడు.

"తెలుసండి," అంది ప్రశాంతి. "ఒకటో సంపుటం ఆఖరి అధ్యాయంలో ఆమె సర్దుకుంటుంది. వంటమనిషి జాలిపడి ఇచ్చిన సగం కేకు. రెండు జతల మేజోళ్ళు."

ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో హాలంతా నవ్వు అందుకుంది. కామేశం గారు కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నాగభూషణం గారొక్కరే నవ్వలేదు. ఆయన మెల్లగా కూర్చుని, పక్కనున్న నాతో అన్నారు, "ముందే లోపల చూసుకుని ఉంటే ఇంత గొడవే ఉండేది కాదు కదండీ." ఆయన అన్నది ప్లీడరు గురించో మరొకరి గురించో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నం మా విశ్వవిద్యాలయంలో ఒక పుస్తకం పూర్తిగా చదివినట్టయింది. అంతకు ముందుగాని ఆ తర్వాతగాని అలాంటిది జరిగినట్టు రికార్డుల్లో లేదు. మిగతా పది నవలల చివరలూ చెప్పమని ప్రశాంతి అడిగితే, కామేశం గారు బస్సు తప్పిపోయినా సరేనని చెప్పారు. నాగభూషణం గారు మధ్యభాగాలు అందించారు. రిజిస్ట్రారు గారు నియమావళికి విరుద్ధమని మూడు నాలుగుసార్లు గుర్తు చేసి, ప్రతిసారీ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

పట్టా ఇవ్వవచ్చునని కామేశం గారు రాశారు. తెలుసుకున్న ముగింపులను చేర్చి ఇవ్వవలెనని ఒక షరతు పెట్టారు. ప్రశాంతి రాత్రనక పగలనక కూర్చుని, అసలు ముగింపులన్నిటి మీదా మరో మూడొందల పేజీలు రాసింది. ఒకే అట్టలో ఇమడకపోతే రెండో సంపుటంగా కుట్టించింది. అదే మెరూన్ రెగ్జిన్, అదే పేరు, అవే బంగారు అక్షరాలు. క్రింబుల్‌కు ఒక ఒద్దికైన పాఠకురాలు దొరికిందని, ఆయన రాసిన దానికన్నా ఆమె రాసింది బాగుందని నా అభిప్రాయం. చేతికందినంతవరకు నేను రెండూ చదివాను.

నాగభూషణం గారు కూడా తన వంతు పని చేశారు. 'సదరు సంపుటములు ఒకే గ్రంథము యొక్క వేర్వేరు భాగములు, ప్రతులు కావు' అని తన చేత్తో నోట్ రాసి పంపారు. తన తప్పును తానే రాసుకున్న ఆడిట్ అధికారిని నేను మరొకర్ని చూడలేదు. ఆ నోట్ పైకి వెళ్ళింది. పైవారు దాన్ని ఇంకా పైకి పంపారు. జవాబు వచ్చేవరకు యథాతథ స్థితి కొనసాగించమన్నారు కాబట్టి రెండో సంపుటాలు ఇనప బీరువాలోనే ఉన్నాయి. బస్సు టికెట్లు మాత్రం తీసేశారట.

జూన్ మొదటి వారంలో ప్రశాంతికి పట్టా వచ్చింది. పట్టాతో పాటు ఒక పార్సెల్, ఒక ఉత్తరం కూడా వచ్చాయి. ఉత్తరం రిజిస్ట్రారు గారిది. 'తమరు సమర్పించిన సిద్ధాంతగ్రంథము ఒకే శీర్షికతో రెండు ప్రతులుగా ఉన్నట్లు గమనింపబడినది. ఒక పేరుకు ఒకే ప్రతి అను నిబంధన ననుసరించి, ఒకటవ ప్రతిని లైబ్రరీలో భద్రపరచి, అదనపు ప్రతిని ఇందుతో వాపసు చేయడమైనది.'

నేను ఉత్తరం పట్టుకుని రిజిస్ట్రారు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తలేదు. "ఆ రోజు మీరూ విన్నారు కదండీ, ముగింపులన్నీ అందులోనే ఉన్నాయి," అన్నాను. "విన్నాను వీరభద్రం గారూ," అన్నారాయన, మామూలు తెలుగులోనే. "చాలా బావున్నాయి కూడా. ఏం చేస్తాం, మొదటి పేజీ రెండింట్లోనూ ఉంది."

కాబట్టి ఇప్పుడు మా లైబ్రరీలో క్రింబుల్ మొదళ్ళు ఉన్నాయి, వాటికి ముగింపులు లేవని నిరూపించే ప్రశాంతి ఒకటో సంపుటం ఉంది. ఢిల్లీ బృందం ఈసారి వచ్చి మాకు ఎక్కువ మార్కులు వేసింది. గాజు శుభ్రంగా ఉందన్నారు. గ్లోవ్స్ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

అసలు ముగింపులు కావలసినవాళ్ళు ఏలూరు వెళ్ళాలి. ఆదివారాలు నాగభూషణం గారూ నేనూ వెళుతుంటాం. అప్పుడప్పుడు బుడమేరు బస్సులో కామేశం గారూ వస్తారు. ప్రశాంతి కొత్త ఉద్యోగం మొదటి జీతంతో ఒక రేకుపెట్టె కొని, ఆ వాపసు వచ్చిన సంపుటాన్ని అందులో పెట్టుకుంది. మేం వెళ్ళగానే మంచం కిందనుంచి లాగి, మూత తెరిచి, మాకు చదివి వినిపిస్తుంది. చదవడం అయ్యాక టీతో పాటు తలా ఒక కేకు ముక్క పెడుతుంది. అది ఏ పెట్టెలోంచి తీస్తుందో మేం అడగం.